పాట చివరిదాకా విన్నావా

మ్యూనిక్, 21 మార్చి 1971, ఆదివారం

దెల్ఫాకు,

నేను బతికే ఉన్నాను, ఒళ్ళు బాగానే ఉంది. నువ్వూ అమ్మా మేకా కూడా అలాగే ఉండాలి. అమ్మా, ముందుగా నీకు దణ్ణం. మోకాలికి నేను పంపిన మందే రాస్తున్నావా, స్తానా చెప్పిన ఉల్లిపాయ కట్టే కడుతున్నావా? గోడవతల స్తానాకి, ఆమె కోడిపుంజుకి, వైన్ కొట్టు షిమూన్ బాబాయికి నా దణ్ణాలు. ఎవరినైనా మరిచిపోతే తిట్టుకోవద్దని చెప్పు. నా ఉత్తరం విప్పితే దొలాత్స్ ఊరు సగం మన పొయ్యి చుట్టూ కూర్చుంటుందని నాకు తెలుసు.

స్టేడియం పని జోరుగా ఉంది. వచ్చే ఏడాది ఇక్కడ ఒలింపిక్ ఆటల పోటీలట. అందుకని ఈ వేసవిలో ఎవరికీ సెలవు లేదని మేస్త్రీ చెప్పేశాడు. ఆగస్టులో వస్తానని నీకు చెప్పాను. రాలేను.

పనివాళ్ళ క్యాంపులో మా గదిలో ఆరుగురం. నా కింద మంచం లోవ్రె ఒక గ్రామఫోను కొన్నాడు. దానికి ఒకటే రికార్డు, మన స్ప్లిట్ పట్నం కుర్రాడెవరో పాడిన పాట. ఆదివారం పొద్దుట మొదలుపెడితే సాయంత్రం దాకా అదే. పాట మొదలైతే చొక్కా గుండీ కుట్టుకునేవాడు సూది ఆపేస్తాడు. ఇప్పుడు మా గదిలో ఉల్లిపాయలు తరిగే పని నాకంటే నాకని కొట్టుకుంటున్నారు. కళ్ళు తుడుచుకున్నా ఎవరూ అడగరు కదా.

ఆ రికార్డే నీకూ ఒకటి కొన్నాను. ఈస్టరుకి వచ్చే లోవ్రె బావమరిది తెచ్చిస్తాడు. మన పెళ్ళిలో మోగిన గ్రామఫోను బడి పంతులమ్మగారింట్లో ఉందిగా, అక్కడికి తీసుకెళ్ళి విను. ఒక్కదానివే విను. చివరిదాకా విను. పాట ఏమడిగిందో నేనూ అదే అడుగుతున్నాను. అవునో కాదో ఒక్క ముక్క రాయి.

అమ్మా, ఈ చివరి ముక్క నీకు కాదు. చెవులు మూసుకో.

మియాత్


దొలాత్స్, 18 ఏప్రిల్ 1971

మీకు,

మేము బాగున్నాం. మేక ఈనింది, రెండు పిల్లలు. ఒకదానికి ఒక చెవి తెల్లగా ఉంది.

మీ ఉత్తరం పొయ్యి దగ్గర చదివాను. చెవులు మూసుకోమన్న చోట అత్తయ్య నిజంగానే మూసుకున్నారు, కానీ వేళ్ళ సందుల్లోంచి విన్నారు. స్తానా వదిన అసలు మూసుకోలేదు. ‘నాకు చెప్పలేదుగా, వాళ్ళమ్మకి చెప్పాడు’ అంది. అత్తయ్య మీకు చెప్పమన్నవి: మందు రాస్తున్నారు. మందు మీద ఉల్లిపాయ కట్టు కూడా కడుతున్నారు, రెంటిలో ఒకటైనా పని చేస్తుందని.

మీరు ఆగస్టులో రారని తెలిసింది. పనికి వెళ్ళినవాళ్ళు పని చూసుకోవాలి కదా.

రికార్డు పగలకుండా వచ్చింది. చాలా నల్లగా, చాలా నున్నగా ఉంది. వెలుగులో తిప్పితే మీద గీతలు కనబడతాయి, మన మెట్ల పొలంలో చాళ్ళలాగే. పాట చాలా బాగుంది. పాడినతని గొంతు బాగుంది. మొదలు బాగుంది. చివర కూడా బాగుంది. పంతులమ్మగారి గురించి రాశారు. ఆమె చాలా మంచావిడ.

మీరు అడిగినదానికి జవాబు: అవును.

పొగాకు నారు వేలెడెత్తు లేచింది. నేను నాలుగో తరగతి దాకే చదివానని మీకు తెలుసు. తప్పులుంటే మీ గదిలోవాళ్ళకి చూపించకండి.

మీ ఇంటి మనిషి
దెల్ఫా


మ్యూనిక్, 9 మే 1971

దెల్ఫా,

అందరూ బాగున్నారా? బాగుండే ఉంటారు. ఇవాళ నాకు లోకమంతా బాగుంది. ఆ ఒక్క ముక్క చదివి మంచం మీదనుంచి దూకాను. కింద మంచం లోవ్రె ‘పైకప్పు కూలిందా?’ అని లేచాడు. వాడికి చూపించాను. తప్పులేమీ లేవు. ‘మూడు అక్షరాలకి మూడు నెలల జీతమిచ్చినా తక్కువేరా’ అన్నాడు.

అమ్మా, నీకు దణ్ణం. నేను క్యాంపు వదిలేస్తున్నాను. జూన్ ఒకటో తారీకు నుంచి ఫ్రావ్ హిల్డె అనే ఆవిడ ఇంట్లో ఉంటాను. గది చిన్నది, కిటికీ పెద్దది, కింద ట్రాములు పోతుంటాయి. మంచం కూడా పెద్దదే. ఎందుకురా అని అడక్కు. ఇక్కడ చలి ఎక్కువ.

దెల్ఫా, జూన్ మొదటి ఆదివారం నుంచి ప్రతి ఆదివారం పొద్దున నేను ఎక్కడుంటానో నీకు తెలుసు. పాటలో ఉన్నచోటే. ఆ సంగతి ఇంట్లో సమయం చూసి నెమ్మదిగా నువ్వే చెప్పు. నాకంటే నువ్వే బాగా చెప్తావు.

గోడవతలకి, కొట్టుకి, పుంజుకి, అందరికీ దణ్ణాలు.

నీ మియాత్


దొలాత్స్, 13 జూన్ 1971

మీకు,

అత్తయ్య చర్చికి వెళ్ళారు. వచ్చేలోపు ఇది రాసి అంటించాలి. అందుకని ఇందులో ఎవరి దణ్ణాలూ లేవు.

సంగతి ఇంట్లో నెమ్మదిగా చెప్పమన్నారు. నేను చెప్పక్కర్లేకుండానే స్తానా వదిన చెప్పింది. పన్ను పీకించుకోడానికి స్ప్లిట్ వెళ్ళి, బస్టాండులో మీ పాట విని వచ్చింది. బుగ్గ వాచిపోయి ఉన్నా నోరు ఆగలేదు. నీళ్ళ తొట్టి దగ్గర అందరి ముందూ పాడి వినిపించింది.

‘కిటికీ దగ్గర నిలబడకు, రైళ్ళు లెక్కపెట్టకు,
దుమ్ము రేగిన ప్రతి దారినీ నా దారనుకోకు.’

‘ఇంకేం కావాలమ్మా?’ అంది. ‘ఎదురుచూడొద్దని పాట కట్టించి మరీ పంపాడు. ఇప్పుడు ఫ్రావ్ అట, పెద్ద కిటికీ అట, పెద్ద మంచమట. మా ఆయన కనీసం నోటితో చెప్పి పోయాడు.’ బిందె సగమే నింపుకుని వచ్చేశాను.

పాట ఏమడిగితే అదే మీరూ అడుగుతున్నానని రాశారు. నేను అవునన్నాను. అన్నమాట వెనక్కి తీసుకునే అలవాటు మా ఇంట్లో లేదు. రోడ్డువైపు కిటికీ తలుపు మూసి మేకు కొట్టేశాను. ఇల్లు చీకటైందని అత్తయ్య గొడవ చేస్తున్నారు. గాలి కొడుతోందని చెప్పాను.

అత్తయ్యని నేను చూసుకుంటాను. ఆ దిగులు మీకొద్దు. మీకోసం ఎర్ర అంచు వేసి రెండు జతల ఊలు మేజోళ్ళు అల్లాను. చేసిన పని పారెయ్యలేను కాబట్టి పంపుతున్నాను. ఆ తర్వాత ఎవరు అల్లుతారో నేను అడగను.

ఆమె మంచి మనిషై ఉండాలని కోరుకుంటున్నాను. నిజంగా కోరుకోవడం లేదు, కానీ రాయాలి కాబట్టి రాస్తున్నాను.

దెల్ఫా


మ్యూనిక్, 25 జూలై 1971

దెల్ఫా,

దణ్ణాలు లేని ఉత్తరం నా జన్మలో మొదటిసారి వచ్చింది. జేబులో పెట్టుకుని నెలపైన తిరిగాను. ఏం రాయాలో తెలియలేదు. ఎర్ర అంచు మేజోళ్ళు వేసుకోలేదు, ఎవరికీ ఇవ్వలేదు.

ఎవరు ఆమె? ఫ్రావ్ హిల్డెకి డెబ్భై మూడేళ్ళు. చెవుడు. ఆమెకి నేను కట్టెలు కొట్టిపెడతాను, ఆమె నాకు బంగాళాదుంపల పులుసు చేసిపెడుతుంది. అంతే. నేనొక్కణ్ణే తిరిగొచ్చిన ప్రతి ఆదివారం గోడ గడియారం చూపించి ఏదో అడుగుతుంది. రైలు ఆలస్యమా అని అడుగుతోందని లోవ్రె చెప్పాడు.

ఎనిమిది ఆదివారాలు, దెల్ఫా. పదకొండో ప్లాట్‌ఫారం మీద ఎనిమిది ఆదివారాలు నిలబడ్డాను. మన రైళ్ళన్నీ అక్కడికే వస్తాయి. ప్రతిసారీ ఒక పొట్లం చెర్రీపళ్ళు కొనేవాణ్ణి. రైలు ఖాళీ అయ్యాక అవి తింటూ నడిచి వచ్చేవాణ్ణి. ఇప్పుడు చెర్రీపళ్ళ కాలం అయిపోయింది. నాలుగో ఆదివారం లోవ్రె పెళ్ళాం దిగింది, ఎండబెట్టిన పంది తొడ దిండు గలేబులో చుట్టుకుని. అందరిముందూ వాణ్ణి దాంతోనే కొట్టింది, చిక్కిపోయావని.

కాదంటే కాదనే రాయొచ్చుగా? ముందు అవునని రాసి, తర్వాత కిటికీకి మేకు కొట్టానంటావేమిటి? పాట కిటికీ దగ్గరే ఆగిపోయిందా? నిజం చెప్పు. నువ్వు చివరిదాకా విన్నావా?

అమ్మా, ఇది నువ్వూ వింటున్నావు. విను. చెవులు మూసుకోమని ఇక చెప్పను. కానీ ఆ మాట రెండోసారి నా నోటితో అడగను.

మియాత్


దొలాత్స్, 17 ఆగస్టు 1971

మీకు,

ముందుగా నిజం చెప్తాను. నేను పాట వినలేదు. చివరా వినలేదు, మొదలూ వినలేదు.

పంతులమ్మగారికి నవంబరులోనే బదిలీ అయింది. గ్రామఫోను పరుపులో చుట్టి లారీ ఎక్కించడానికి నేనే సాయం పట్టాను. మీరు అంత ఆశగా రాశారు, వినలేదని రాయడానికి చెయ్యి రాలేదు. ఊళ్ళో ఇంకొక్క గ్రామఫోను షిమూన్ బాబాయి వైన్ కొట్టులో ఉంది. కరెంటు స్తంభాలు అక్కడిదాకే వచ్చి ఆగాయి. ఆ గుమ్మం ఆడది దాటదని మీకు తెలుసు. స్తానా వదినంతటిది కూడా వాళ్ళాయన కోసం బయట నిలబడే కేక వేసేది. నేనెలా వెళ్తాను? రికార్డుని అంతోనీ పునీతుడి పటం పక్కన మేకుకి తగిలించాను. రోజూ తుడిచేదాన్ని.

అవునని రాసింది ఎందుకంటే, అప్పుడు అత్తయ్య పక్కనే కూర్చుని ఉన్నారు. ‘ఏమడిగాడే?’ అన్నారు. ‘తెలీదత్తయ్యా, అవునో కాదో రాయమన్నారు’ అన్నాను. ‘మొగుడు అంత దూరంనుంచి ఒక మాట అడిగితే కాదని రాస్తారా? అవునని రాసెయ్’ అన్నారు. రాసేశాను.

ఇప్పుడు మీ ఉత్తరం సంగతి. ఎనిమిది ఆదివారాలు అన్నచోటే మళ్ళీ మళ్ళీ చదువుతున్నాను. అత్తయ్య ఉత్తరం నా చేతిలోంచి లాక్కున్నారు. చదవడం రాదు కదా, అయినా అటూ ఇటూ తిప్పి చూశారు. ‘డెబ్భై మూడేళ్ళా?’ అని స్తానా వదిన అంది, కాస్త నిరాశగా. అత్తయ్య ఆమెకేసి చూడలేదు. ‘రికార్డు తియ్’ అన్నారు నాతో.

మొన్న ఆదివారం మరియమ్మ పండుగ. చర్చి అయ్యాక మగవాళ్ళంతా మామూలుగా షిమూన్ బాబాయి కొట్టులో దూరారు. అత్తయ్య కొట్టు ఎదుట రాతిగోడ మీద కూర్చుని ‘వెళ్ళు’ అన్నారు.

‘మీరు కూడా రండి అత్తయ్యా.’

‘అడిగింది నిన్ను. వెళ్ళు.’

రికార్డు గుండెకి పెట్టుకుని గుమ్మం దాటాను. లోపలంతా పొగ. పేకముక్కలు బల్లకి కొట్టే చప్పుడు ఒక్కసారిగా ఆగిపోయింది. మా వీధిచివరి ఇంటి యాకొవ్ తాత అన్నాడు, ‘దారి తప్పావా, పిల్లా? చర్చి అటు.’ అందరూ నవ్వారు.

షిమూన్ బాబాయి గ్లాసు తుడుస్తూ ‘ఏం కావాలన్నా బయటనుంచి అడగాలమ్మా. నీకు తెలీనిదా?’ అన్నాడు.

మామూలుగా అయితే అక్కడే చచ్చిపోయేదాన్ని. కానీ మీరు చెర్రీపళ్ళు తింటూ ఒక్కరే నడిచి వెళ్ళడం నా కళ్ళకి కట్టింది. ‘ఇది మా ఆయన పంపించారు’ అన్నాను. ‘ఐదు నెలలనుంచి జవాబు కోసం చూస్తున్నారు. ఇది వింటే గానీ జవాబు చెప్పలేను. పెట్టండి.’ పెళ్ళిలో తప్ప అంత గట్టిగా నేనెప్పుడూ మాట్లాడలేదు. పెళ్ళిలో కూడా ఫాదరు రెండోసారి చెప్పమన్నారు.

యాకొవ్ తాత ‘దీని మొగుడికి నోరు లేదా?’ అన్నాడు.

‘లేదు తాతా’ అన్నాను. ‘నాకూ లేదు. అందుకే పాట.’

ఈసారి నన్ను చూసి కాదు, నాతో కలిసి నవ్వారు. బాబాయి చేతులు తుడుచుకుని రికార్డు పెట్టాడు.

స్తానా వదిన పాడిందంతా నిజమే. కిటికీ దగ్గర నిలబడకు, రైళ్ళు లెక్కపెట్టకు, అన్నీ ఉన్నాయి. అందరూ నావైపు జాలిగా చూసి తలలు దించుకున్నారు. నేను నేలకేసి చూస్తున్నాను. అక్కడితో స్ప్లిట్‌లో స్తానా వదిన బస్సు బయల్దేరిపోయిందట. పాట మాత్రం ఆగలేదు.

‘ఉత్తరాలు చాలించు, మూట కట్టుకో, నువ్వే ఎక్కి రా,
ఆదివారం పొద్దున నీకోసం ప్లాట్‌ఫారం మీద ఉంటా.’

బల్ల అంచు పట్టుకున్నాను. అది మూడుసార్లు వస్తుంది కదా. రెండోసారికి అర్థమైంది, మూడోసారికి నవ్వుతున్నానట. నాకు తెలీదు, తర్వాత చెప్పారు.

పాట అయిపోయాక రికార్డు ఇంకా గరగరమంటూ తిరుగుతోంది. ఆ కొట్టులో జర్మనీకి కొడుకునో తమ్ముణ్ణో పంపనివాడు లేడు. యాకొవ్ తాత కొడుకులు ముగ్గురు. ఆయనే అన్నాడు, ‘షిమూన్, మళ్ళీ పెట్టు.’ పెట్టాడు. గుమ్మంలో చూస్తే ఊళ్ళో ఆడవాళ్ళంతా నిలబడి ఉన్నారు. ముందు ఒకామె ఒక కాలు లోపల పెట్టింది, తర్వాత ఇంకొకామె. యాకొవ్ తాత లేచి తన కుర్చీ ఇచ్చాడు. నాలుగోసారికి అందరూ పాడుతున్నారు. స్తానా వదిన అందరికంటే గట్టిగా, తనే కనిపెట్టినట్టు.

అత్తయ్య చివర వచ్చారు. ఆమెని చూడగానే నా నవ్వు ఆగిపోయింది. ‘ఇదత్తయ్యా ఆయన అడిగింది’ అన్నాను. ‘నేను వెళ్ళను. కాదని రాస్తాను. మీరొక్కరే ఎలా ఉంటారు?’

అత్తయ్య అందరి ముందూ అన్నారు, ‘వాళ్ళ నాన్న బెల్జియం గనులకి పోతే, నువ్వు మేకు కొట్టిన ఆ కిటికీ దగ్గరే తొమ్మిదేళ్ళు నిలబడ్డాను. కిటికీ ఎవరినీ తీసుకురాదే పిల్లా. రమ్మని నన్నెవరూ అడగలేదు. నిన్ను అడిగాడు. అయినా అవునని రాయించింది ఎవరు? నేను. అది నా మాట. నా మాట కాదనడానికి నువ్వెవరివి?’

‘మరి మీకు తోడు?’

‘ఇదుగో ఇదుంది’ అని స్తానా వదినని చూపించారు. ‘నాకు కావలసింది పోట్లాడ్డానికి మనిషి. నువ్వు అందుకు పనికిరావు. పెళ్ళయి రెండేళ్ళయింది, ఒక్కసారైనా ఎదురు చెప్పావా?’

స్తానా వదిన ఏడుస్తోంది. ‘పాట చివర వినకుండా చెప్పాను, నా నాలుక కాల్చెయ్యాలి’ అంది. ‘అప్పుడు నాతో ఎవరు పోట్లాడతారే?’ అన్నారు అత్తయ్య. షిమూన్ బాబాయి ఆడవాళ్ళందరికీ తియ్యటి వైను పోశాడు. అత్తయ్య రెండు గ్లాసులు తాగారు. ఇంటికొచ్చి కిటికీకి కొట్టిన మేకు ఆమే పీకారు.

నిన్న పాస్‌పోర్టు కోసం ఇమోత్స్కీ పట్నం వెళ్ళాను. ఒక్కదాన్నే. గుమాస్తా తలెత్తకుండా ‘పేరు? గట్టిగా చెప్పు’ అన్నాడు. చెప్పాను. వరసలో ఉన్నవాళ్ళంతా వెనక్కి తిరిగి చూశారు. ఎక్కడికి అని అడిగితే, ‘పదకొండో ప్లాట్‌ఫారానికి’ అన్నాను. ‘అది ఏ దేశంలో ఉందమ్మా?’ అన్నాడు.

పొగాకు దండలు గుచ్చి ఆరేసే పని సెప్టెంబరు సగానికి అయిపోతుంది. అది సగంలో వదిలి రాలేను. అయ్యాక వస్తాను.

చివరిదాకా విన్నాను. అవును.

దెల్ఫా


మ్యూనిక్, 29 ఆగస్టు 1971

దెల్ఫా, అమ్మా,

మీ ఉత్తరం ఎనిమిదిసార్లు చదివాను, ఆదివారానికొకటి చొప్పున. తర్వాత క్యాంపుకి వెళ్ళి పాత గదిలో గట్టిగా చదివి వినిపించాను. ఆ రోజు ఉల్లిపాయలు అవసరం పడలేదు. ఐదుగురూ ఊరికే ఏడ్చారు. ‘అమ్మకి చదవడం రాదన్నావు, ఆవిడ మనందర్నీ చదివేసిందిరా’ అన్నాడు లోవ్రె.

అమ్మా, నీకు ఈ కాగితం మీద పట్టేటన్ని దణ్ణాలు. యాకొవ్ తాతకి చెప్పు, నాకు నోరు వచ్చింది. ఇదుగో: దెల్ఫా, నా దగ్గరికి రా.

మేజోళ్ళు వేసుకున్నాను. ఆగస్టులో ఊలు మేజోళ్ళేమిటని మేస్త్రీ నవ్వాడు. నవ్వుకోనీ. ఫ్రావ్ హిల్డె పెద్ద మంచం మీద రెండో దిండు పెట్టింది. రైలు ఆలస్యమా అని మళ్ళీ అడిగితే, కాదు, పొగాకు ఆరుతోందని సైగ చేశాను. ఏం అర్థమైందో, నాకు ఒక చుట్ట ఇచ్చింది.

నీ మియాత్


దొలాత్స్, 23 సెప్టెంబరు 1971, గురువారం

మియాత్,

నీ పేరు కాగితం మీద రాయడం ఇదే మొదలు. రెండు కాగితాలు పాడుచేశాను. అత్తయ్య చూసి ‘పేరుతో పిలిస్తే అరిగిపోతాడా? పిలువు’ అన్నారు. అందుకే నువ్వు అని కూడా రాస్తున్నాను. కోపం వస్తే ప్లాట్‌ఫారం మీద చెప్పు.

పొగాకు అయిపోయింది. చివరి దండ అత్తయ్యా స్తానా వదినా కలిసి గుచ్చారు, ఎవరి ఆకులు వంకరగా ఉన్నాయని పోట్లాడుకుంటూ. నేను లేకపోయినా ఈ ఇంట్లో నిశ్శబ్దం ఉండదు. అప్పుడు పుట్టిన వాటిలో తెల్లచెవి మేకపిల్లకి అత్తయ్య ఫ్రావ్ అని పేరు పెట్టారు.

షిమూన్ బాబాయి కొట్టు ముందు ఇప్పుడు ప్రతి ఆదివారం ఆడవాళ్ళకి వేరే బల్ల వేస్తున్నాడు. రికార్డు అక్కడే వదిలి వస్తున్నాను. ఊళ్ళో ఇంకా నలుగురు దాన్ని చివరిదాకా వినాల్సినవాళ్ళున్నారు. యాకొవ్ తాత పెద్దకోడలు నిన్న పాస్‌పోర్టు కాగితాలు తెచ్చుకుంది.

మూట చిన్నదే. ఎండు అంజూరాలు, నా రెండు గౌన్లు, అత్తయ్య ఇచ్చిన పంది తొడ. నువ్వు చిక్కిపోయి ఉంటే దాంతో ఏం చెయ్యాలో లోవ్రె పెళ్ళాన్ని అడుగుతాను.

రేపు పొద్దుట బస్సు, స్ప్లిట్‌లో రైలు, జాగ్రెబ్‌లో ఇంకో రైలు. ఆదివారం పొద్దున నేను కిటికీ దగ్గరే నిలబడి ఉంటాను. ఈసారి రైలు కిటికీ దగ్గర.

ఈ ఉత్తరం కూడా రేపటి బస్సులోనే, నాతోపాటే బయల్దేరుతుంది. జర్మనీ టపావాళ్ళ కంటే నేనే ముందు చేరతానేమో. అలాగైతే ఇది వచ్చిన రోజు విప్పి, గట్టిగా చదివి వినిపించు. ఇన్నాళ్ళూ చదివింది నేను. ఇప్పుడు నేను పొయ్యి దగ్గర కూర్చుని వింటాను.

దెల్ఫా